నొప్పి పోయిందన్నా మడమ చూడాల్సిందే

ఫిజియోథెరపిస్టుగా నా ఉద్యోగమంతా విజయవాడలోనే గడిచింది. అందులో ఎక్కువ కాలం గవర్నర్‌పేటలో ఒక ఎముకల డాక్టరు గారి ఆసుపత్రిలో పనిచేశాను. వచ్చే రోగులకి నా చదువు పేరు పలకడానికి నోరు తిరిగేది కాదు. "కరెంటు పెట్టే మేడం" అనేవాళ్ళు. మిషను మీద లైటు వెలిగి, ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటేనే వైద్యం జరిగినట్టు వాళ్ళకి. చేత్తో పట్టుకుని వ్యాయామం చేయించామంటే అది వైద్యం కింద జమ కాదు.

ఈ మధ్య ఈ చదువు పూర్తిచేసిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, ఉద్యోగంలో చేరబోతున్నాం, ఏమైనా చెప్పండి మేడం అని అడిగారు. పుస్తకాల్లో ఉన్నది నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒకటే. ఎవరు చెప్పిందీ వెంటనే నమ్మకండి. రోగిని, రోగితో వచ్చినవాళ్ళని, ఎక్స్‌రేని, పెద్ద డాక్టరుని, ఫోనులో వచ్చే వీడియోని, ఆఖరికి "తగ్గిపోయిందండీ" అనే శుభవార్తని కూడా అనుమానించండి. మా ఇంట్లో దీన్ని నా జబ్బు అంటారు. వంకాయలు లేతవేనమ్మా అని కూరగాయలావిడ ఒట్టు పెట్టినా నేను తొడిమ గిల్లి చూడకుండా కొననని మా ఆయన విసుక్కుంటారు. విసుక్కుంటే విసుక్కున్నారు, పుచ్చు వంకాయ మా ఇంటికి రాలేదు.

తెల్ల జిల్లేడా, మామూలుదా?

మడమ నొప్పితో తిన్నగా మన దగ్గరికి వచ్చేవాళ్ళు ఉండరు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమలో మేకు దిగినట్టు పోటు పుడుతుంది. నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది కాబట్టి కొన్నాళ్ళు ఊరుకుంటారు. తర్వాత ఆముదం రాస్తారు. దాంతో తగ్గకపోతే వావిలాకు మరిగించిన నీళ్ళు, ఆ తర్వాత ఉప్పు మూట కాపడం. ఈలోపు పక్కింటావిడ రానే వస్తుంది. ఇటుకని బాగా కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, వాటి మీద మడమ ఆనించి అదమమంటుంది. కృష్ణా జిల్లాలో ఈ వైద్యం తెలియని ఇల్లు నాకు తగల్లేదు. మా అమ్మ కూడా చేసుకుంది.

నాకు వీటి మీద పగ లేదు. వెచ్చదనం నొప్పిని కాసేపు మరిపిస్తుంది. ఆముదం రాసి పాదం నలిపితే హాయిగానే ఉంటుంది. జిల్లేడు పాలు మాత్రం చర్మాన్ని పొక్కిస్తాయి, ఆ చేత్తో కన్ను నులుముకుంటే ఇంకో ఆసుపత్రికి పోవాలి. నా పేచీ ఏమిటంటే, చేసినవాళ్ళు చేశామని చెప్పరు. తిడతారని భయం. అందుకని "ఇంట్లో ఏమైనా చేశారా?" అని అడగడం ఎప్పుడో మానేశాను. ఆ ప్రశ్నకి మన వైపు ఒకటే జవాబు, లేదండీ అని. దానికి బదులు పాదం చూస్తూ, "తెల్ల జిల్లేడు వేశారా, మామూలుదా?" అనేదాన్ని. "మామూలుదేనండీ, తెల్లది దొరకలేదు" అని చటుక్కున బయటపడేవాళ్ళు. మీరు కూడా ఇలాగే అడగండి, కానీ బయటపడ్డాక తిట్టకండి. తిడితే రెండోసారి చెప్పరు.

ఇప్పుడు పక్కింటావిడ స్థానంలోకి ఫోను వచ్చింది. నా ఉద్యోగం ఆఖరి రోజుల్లో గుణదల నుంచి వచ్చే ఒక రిటైర్డు సైన్సు మాస్టారు గాజు సీసాలో కోడి ఎముక తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కొన్నాళ్ళు వెనిగర్‌లో నానబెట్టారట, ఎముక నిజంగానే రబ్బరు ముక్కలా వంగుతోంది. మడమలో పెరిగిన ఎముకని కూడా ఇలాగే కరిగిస్తుందని వీడియోలో చూసి ఆయన రోజూ పరగడుపున వెనిగర్ తాగుతున్నారు. "మాస్టారూ, ఆ కోడికి పొట్ట లేదు, రక్తం లేదు, అసలు కోడే లేదు. మీరు ఇంకా ఉన్నారు కదా" అన్నాను. ఆయన నవ్వలేదు. మీరు తాగింది నేరుగా మడమకి పోయి అక్కడి ఎముకనే వెతుక్కుని, మిగతా ఎముకల్ని వదిలేస్తుందా అని అడిగితే సీసాని తన వైపు లాక్కున్నారు. కడుపులో మంట అని అప్పుడు ఒప్పుకున్నారు.

ఎర్ర పెన్సిలు

మా డాక్టరు గారి సంగతి కూడా చెప్పాలి. విరిగిన ఎముకని అతికించడంలో ఆయన చెయ్యి చూసి తీరాల్సిందే. కానీ మడమ ఎక్స్‌రే చూపించేటప్పుడు ఆయన చేతిలోంచి ఆ ఎర్ర పెన్సిలు లాక్కోవాలనిపించేది. లైటు డబ్బాకి ఫిల్ము తగిలించి, మడమ కింద ముల్లులా కనిపించే చోట గుండ్రంగా గీసి, "ఇదిగో, ఎముక పెరిగింది" అనేవారు. నడిచి లోపలికి వెళ్ళిన మనిషి కుంటుతూ బయటికి వచ్చేవాడు.

కోటేశ్వరరావు గారు అలాగే వచ్చారు. ఉయ్యూరు దాటాక ఒక పల్లెటూరు ఆయనది. వరి, కొంచెం చెరుకు. అరవై దాటిన మనిషి, షుగరు చాలా కాలంగా ఉంది. ఎడమ మడమ నొప్పి. వెంట భార్య నాగరత్నం గారు వచ్చారు. ఆయన బల్ల మీద కూర్చోగానే నన్ను అడిగిన మొదటి మాట, "ఈ ఎముకని చెక్కేస్తారాండి?" అని. ఎవరన్నారు బాబాయ్ గారూ అంటే, ఎవరూ అనలేదు, గీత గీశారుగా అన్నారు. వడ్రంగి కూడా గీత గీశాకే కోస్తాడు, ఆయన భయంలో న్యాయం ఉంది.

ఎక్స్‌రే తీసే కుర్రాడు పొరపాటున రెండు పాదాలకీ తీశాడు. నేను రెండో ఫిల్ము కూడా తగిలించి చూశాను. కుడి మడమలో ముల్లు ఇంకా పెద్దది. ఆ కాలు ఆయన్ని ఏనాడూ బాధపెట్టలేదు. ఈ సంగతి డాక్టరు గారికి చెబితే, "అది కూడా ముందు ముందు నొప్పి పెడుతుందిలే" అన్నారు. ఉన్న నొప్పికి కారణం చెప్పమంటే రాబోయే నొప్పికి జోస్యం చెప్పిన ఆ మాట నేను మర్చిపోలేదు. ముల్లు ఉన్నవాళ్ళందరికీ నొప్పి ఉండదు, నొప్పి ఉన్నవాళ్ళందరికీ ముల్లు ఉండదు. చాలాసార్లు బాధపెట్టేది ఎముక కాదు, మడమ నుంచి వేళ్ళ దాకా పాదం కింద పట్టీలా సాగి ఉండే గట్టి పొర. అది బిగుసుకుని, మడమ దగ్గర లాగుతుంది.

పొలంలో లేని నొప్పి

ఎప్పుడు వస్తుంది, ఎక్కడ వస్తుంది అని పోలీసు ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆయన చెప్పిందాంట్లో ఒకటి నాకు వింతగా తోచింది. పొద్దున లేవగానే పోటు ఉంటుంది సరే, పొలానికి వెళ్ళి గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగినంతసేపూ బాగానే ఉంటుందట. ఇంటికొచ్చి కాసేపు తిరిగితే మళ్ళీ మొదలు. మా డాక్టరు గారు అటుగా వెళుతూ ఇది విని, అది మడమ నొప్పి కాదు, ఇంట్లో పని చెబుతారని వచ్చే నొప్పి అని హాస్యమాడారు. నాగరత్నం గారు కూడా నవ్వారు. నేను మాత్రం, "ఇల్లు ఎప్పుడు కట్టారు పిన్నిగారూ?" అని అడిగాను.

కొత్త ఇల్లే. పాత ఇంట్లో మట్టి అరుగు, పేడతో అలికిన నేల. కొత్త ఇంట్లో గుమ్మం నుంచి పెరటి దాకా గ్రానైటు, అద్దంలా మెరుస్తుందని ఆవిడ సంబరంగా చెప్పారు. మెత్తటి మట్టికి అలవాటైన పాదాలు ఇంట్లో ఉన్నంతసేపూ ఆ బండ మీద ఉత్తగా తిరుగుతున్నాయి. దొంగ దొరికాడు.

మడమ నొప్పికి ఇంటి వైద్యం ఏదైనా ఉందా అని అడిగితే నేను ముందు చెప్పేది ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమని. అన్నిటికన్నా తేలికైనది, మన వాళ్ళు అన్నిటికన్నా చెయ్యనిది ఇదే. జిల్లేడాకు కోసం ఊరంతా తిరుగుతారు గానీ గుమ్మం లోపల చెప్పు మాత్రం పెట్టరు. నాగరత్నం గారి మొహంలో నవ్వు మాయమైంది. లక్ష్మీదేవి తిరిగే ఇంట్లో చెప్పులేమిటండీ అన్నారు. వాదించలేదు. బయటి మట్టి తొక్కని జత ఒకటి కొనండి, అది గుమ్మం దాటి బయటికి రాదు, వంటింటి ముందూ దేవుడి గది ముందూ విడిచేస్తారు అని బేరం పెట్టాను. సరే, ఇప్పుడే కొనుక్కొస్తానని ఆవిడ బజారులోకి దిగారు.

ఆవిడ వెళ్ళాక ఆయన్ని కళ్ళు మూసుకోమని, దూదితో పాదాలు తాకి, తగిలినప్పుడల్లా చెప్పమన్నాను. మడమలోపలి నొప్పి చెప్పగలిగిన ఆ మనిషి అరికాలి మీద దూదిని ఒక్కసారీ చెప్పలేదు. బాల్ పెన్ను మొన ఆనించినా మాట్లాడలేదు. షుగరు పైచర్మం స్పర్శని తినేసింది. అందుకని ఆయనకి మిగతావాళ్ళకి చెప్పేవన్నీ చెప్పలేదు. మంచం దిగే ముందు తువ్వాలుతో పాదాన్ని తన వైపు లాగి పట్టుకోవడం, గోడకి చేతులు ఆనించి పిక్క సాగదీయడం నేర్పాను. నీళ్ళ సీసాని ఐసు కట్టించి పాదం కింద దొర్లించడం వద్దన్నాను. కాపడం అసలే వద్దన్నాను. మీ పాదానికి వేడీ తెలియదు, చలీ తెలియదు, ఈ సంగతి పిన్నిగారికి కూడా చెప్పాలి అన్నాను.

"ఆడాళ్ళకి ఇయ్యన్నీ ఎందుకండి, కంగారుపడద్ది. నేను చెబుతాలెండి" అన్నారు ఆయన. అంతలో ఆవిడ చెప్పుల సంచీతో వచ్చారు. చూస్తే నీలం రంగువి, మెత్తగా, మంచివే తెచ్చారు.

ఎండాకాలం మేజోళ్ళు

రెండు మూడు వారాలకి మళ్ళీ వచ్చినప్పుడు ఎండలు మండిపోతున్నాయి. కోటేశ్వరరావు గారు బూట్లు, మేజోళ్ళు వేసుకుని వచ్చారు. విజయవాడ ఎండల్లో మేజోళ్ళు వేసుకున్న రైతుని నేను అంతకుముందు చూడలేదు. మొహం వెలిగిపోతోంది. నొప్పి పోయిందట. మీ చేతి చలవ అని నన్ను పొగిడారు. డాక్టరు గారు తలుపు దగ్గరే విని, అయితే ఇక రానక్కర్లేదని చెప్పమని నాకు సైగ చేశారు.

పొగడ్త వినగానే నాకు అనుమానం రెట్టింపవుతుంది. నెలల తరబడి ముదిరిన మడమ నొప్పి అంత తొందరగా పోదు. పైగా ఆయన ఎడమ మడమ నేలకి ఆనించడం లేదు, వేళ్ళ మీద నడుస్తున్నారు. నొప్పి లేని కాలు అలా ఎందుకు నడుస్తుంది? మేజోళ్ళు తియ్యమన్నాను. తగ్గిపోయిందిగా అన్నారు. అయినా తియ్యండన్నాను. ఆయన కాలు బల్ల కిందికి లాక్కున్నారు. నాగరత్నం గారు నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు నాకు పసుపు వాసన తగిలింది.

"బాబాయ్ గారూ, నేను చూడకుండా మీరు మెట్లు దిగరు" అన్నాను.

ఆయన కాలు ఇంకా లోపలికి లాక్కున్నారు. "మా అన్నయ్య బొటనవేలి మీద పుండుతో ఆసుపత్రికెళ్ళాడండి. మోకాలి కింద ఏమీ లేకుండా ఇంటికొచ్చాడు. నాకు ఆ ఎముక చెక్కద్దు, కాలు కొయ్యద్దు. నా కాలు నాకుండనివ్వండి."

నేను ఆయన్ని అనుమానిస్తున్నట్టే ఆయన మమ్మల్ని అనుమానిస్తున్నారని అప్పుడు తెలిసింది. ఆ ఎర్ర గీత ఆయన కళ్ళల్లోంచి పోలేదు. కొయ్యడానికి నాకు కత్తి పట్టడమే రాదని, ముందు నన్ను ఒక్కదాన్నే చూడనివ్వమని బతిమాలాను. చాలాసేపటికి కాలు బయటపెట్టారు. మేజోడు లోపల దట్టంగా పసుపు ముద్ద. తడిగుడ్డతో మెల్లగా తీస్తే మడమ కిందంతా బొబ్బలెక్కి చిట్లిపోయి ఉంది, ఒక అంచున చర్మం నల్లబడింది. నేను తాకుతుంటే ఆయన నా మొహం వైపు చూస్తున్నారు గానీ కాలు ఉలిక్కిపడటం లేదు. నాకు భయం వేసింది. షుగరు మనిషి మడమలో అలాంటి పుండు చీము పడితే అన్నగారి దారే.

ఇటుక కాపడం. చెబుతానన్న మనిషి ఇంట్లో చెప్పనే లేదని నాకు అప్పటికి తెలియదు. కోపమంతా నాగరత్నం గారి మీదికి మళ్ళించాను. ఎవరు చెప్పారు, ఎవరు కాల్చారు, ఇన్నాళ్ళు ఎందుకు దాచారు అని గుచ్చి గుచ్చి అడిగాను.  ఆవిడ చీర కొంగులో చేతులు దాచుకుని నిలబడ్డారు. దోషిలా నిలబడ్డారు కాబట్టి దోషే అనుకున్నాను.

మా డాక్టరు గారిని ఆ పెన్సిలు విషయంలో ఎంత తిట్టుకున్నా ఆ రోజు ఆయన చేసింది చెప్పకపోతే పాపం. పిలవగానే వచ్చారు, అన్నగారి సంగతి విన్నారు. స్టూలు లాక్కుని కోటేశ్వరరావు గారి కాళ్ళ దగ్గర కూర్చుని, నర్సుకి అప్పగించకుండా తానే కడిగి కట్టు కట్టారు. కడుగుతూ చెప్పారు. "పెద్దాయనా, ముల్లు జోలికి నేను పోను. ఈ పుండు చూపిస్తూ వస్తే కాలు ఉంటుంది. ఇంట్లో పసుపు కింద దాస్తే మీ అన్నగారికి జరిగిందే జరుగుతుంది. ఎటు వెళ్ళాలో మీరే తేల్చుకోండి." భయపెట్టే మాటే, కానీ అందులో జోస్యం లేదు.

కోటేశ్వరరావు గారు చూపిస్తూనే వచ్చారు. ఉయ్యూరు నుంచి బస్సులో, ఆటోలో, మడమ మోపకుండా, పొలం పక్కన పెట్టి వచ్చారు. షుగరు అదుపులోకి తేవడానికి వేరే డాక్టరుని చూశారు. నల్లబడిన చర్మం తీసేయాల్సి వచ్చింది. అది కూడా కొయ్యడమేనా అని ఆయన అడిగితే, కాదని మా డాక్టరు గారు ప్రమాణం చేసినంత పని చేశారు. చాలాకాలం పట్టింది గానీ అడుగు నుంచి ఎర్రగా కొత్త కండ పట్టింది. కాలు దక్కింది.

కొంగులో దాచిన చెయ్యి

కట్లు కట్టే రోజుల్లోనే ఒకనాడు ఆయన లోపల ఉండగా నాగరత్నం గారు బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాను. మాట కలపడానికి, చెప్పులు వేసుకుంటున్నారా అని అడిగాను. ఆవిడ కొంగులోంచి కుడి చెయ్యి తీసి చూపించారు. వేళ్ళ కొసల్లో తోలు ఊడి కొత్త తోలు వస్తోంది.

ఏమిటిదని అడిగాను.

"నేను చూసే పెట్టానండి. చెయ్యి ఆనిస్తే చుర్రుమంది. మరీ కాలిపోతందండీ అన్నాను. నాకేం తెలవట్లేదు, చల్లగుంది, ఇంకా కాల్చుకురా అన్నారు. మళ్ళీ కాల్చాను, మళ్ళీ చూశాను. బొబ్బలెక్కినియ్యి. ఆయనకి కాలట్లేదంటే ఇంక నా చేతిదే తప్పేమో అనుకున్నాను."

మన ఇళ్ళల్లో కాపడం పెట్టించుకునే మనిషే వేడి సరిపోయిందో లేదో చెప్పాలి. అది పద్ధతి. పెట్టే మనిషిని ఎవరూ అడగరు. ఆవిడ చెయ్యి నిజం చెబుతుంటే ఆవిడే దాన్ని నమ్మలేదు. ఇన్నేళ్ళు లోకంలో అందరినీ అనుమానించడం నేర్చుకున్న నేను, తన చేతినే అనుమానించిన మనిషిని చూడటం అదే మొదలు. ఆయన పాదానికి స్పర్శ లేదని, దూది తగిలినా తెలియలేదని అప్పుడు చెప్పాను. ఆవిడ నా వైపు నమ్మలేనట్టు చూశారు. ఆయనకి ఈ సంగతి ముందే తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఆవిడ ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. నాకు ఆవిడ మీద జాలి వేసింది, ఆయన మీద ఒళ్ళు మండింది.

పిల్లలూ, అందుకని చెబుతున్నాను. షుగరు ఉన్నవాళ్ళకి ముందు దూది పెట్టి చూడండి, తర్వాతే కాపడం మాట. చూసింది రోగికి చెప్పి ఊరుకోకండి. ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషిని పిలిచి, ఆ మనిషి ఎదురుగా చెప్పండి.

రిటైరయ్యాక ఉయ్యూరు వైపు ఒక పెళ్ళికి వెళ్ళి, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాగరత్నం గారు వరండాలో కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. కోటేశ్వరరావు గారు పొలం నుంచి వచ్చి స్నానాల గదిలోకి వెళ్ళారు. కాసేపటికి లోపలి నుంచి కేక వేశారు, నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఇంకో బిందె వేడినీళ్ళు తెమ్మని. ఆవిడ లేచి వెళ్ళి, తలుపు సందులోంచి బకెట్లో చెయ్యి ముంచి చూసి, తడి చెయ్యి దులుపుకుంటూ వెనక్కి వచ్చారు.

"సరిపోయినియ్యండి. ఇంక తేను."

"నాకేం తెలవట్లేదే" అన్నారు ఆయన.

"మీకు తెలవదు. నాకు తెలుసు. పోసుకోండి" అని, వచ్చి నా పక్కన కూర్చున్నారు.

 లోపల చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది.